మీటరులో 12.7 ఉంది, రోబో ఎందుకు ఆగిపోయింది?

శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో ముప్ఫై ఏళ్ల పైచిలుకు బ్యాటరీ ఛార్జింగు షాపు నడిపాను. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను ఈ శీర్షికలో మీ ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను. మామూలుగా వచ్చేవి ట్రాక్టరు, ఆటో, ఇన్వర్టరు బ్యాటరీల మీద ప్రశ్నలు. ఈ నెల మాత్రం రోబోలు చేసే పిల్లలు రాశారు, ఒక సైన్సు టీచరు రాశారు, ఒక తల్లి రాశారు. అందరూ అడిగింది యూపీఎస్‌లలో ఉండే ఆ చిన్న సీల్డ్ లెడ్ యాసిడ్ (సీసం, ఆమ్లంతో చేసి మూసేసిన) బ్యాటరీ గురించే. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాస్టారూ, మేం ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాం. రోబో వార్ కోసం నాలుగు మోటార్ల బండి చేశాం. దానికి 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ పెట్టాం. పోటీకి ముందు మల్టీమీటరుతో చూస్తే 12.7 ఉంది. రింగులో ఎదుటి రోబోని నెట్టబోయేసరికి మాది ఆగిపోయింది, బ్లూటూత్ తెగిపోయింది, కాసేపటికి దానంతట అదే మళ్లీ కలిసింది. ఇలా మూడుసార్లు జరిగి ఓడిపోయాం. బయటికి తెచ్చి చూస్తే బ్యాటరీ 12.4 చూపిస్తోంది. తప్పు ప్రోగ్రాంలో ఉందా, మోటార్లకి కరెంటు పంపే డ్రైవర్ బోర్డు పోయిందా?
— ఇద్దరు విద్యార్థులు, ఎచ్చెర్ల

జవాబు: బాబూ, ప్రోగ్రాం జోలికి వెళ్లకండి. డ్రైవర్ బోర్డు కూడా ఇప్పుడే కొనకండి. నెట్టేటప్పుడే ఆగడం, బ్లూటూత్ తెగి తిరిగి కలవడం, బయటికి తెచ్చాక మీటరు మామూలుగా చూపించడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే నేను ముందు అనుమానించేది బ్యాటరీనే.

12.7 అన్నది బ్యాటరీ ఊరికే కూర్చున్నప్పటి వోల్టేజి. మల్టీమీటరు దాని నుంచి తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. కావిడి భుజానికెత్తకుండా నిలబడ్డ మనిషిని చూసి ఎన్ని బిందెలు మోస్తాడో చెప్పలేం కదా. బరువు పడ్డాకే మోకాళ్ల సంగతి తెలుస్తుంది.

ప్రతి బ్యాటరీకీ లోపల కొంత అడ్డు ఉంటుంది. మీ పుస్తకాల్లో దాన్నే అంతర్గత నిరోధం అంటారు. బాగున్న 7 ఏహెచ్ బ్యాటరీలో అది 25 మిల్లీ ఓముల చుట్టుపక్కల ఉంటుంది. మీ మోటార్లు ఒక్కోటి ఇరుక్కున్నప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకునే రకం అనుకుందాం. నాలుగూ ఒకేసారి మొరాయిస్తే 30 ఆంపియర్లు. 25 మిల్లీ ఓముల దగ్గర పోయేది ముప్పావు వోల్టు, దాన్ని రోబో పట్టించుకోదు. అదే బ్యాటరీ ముసలిదై నిరోధం 150 మిల్లీ ఓములకు పెరిగితే, అదే 30 ఆంపియర్లకు నాలుగున్నర వోల్టులు బ్యాటరీ లోపలే పోతాయి. మిగిలేది ఎనిమిది చిల్లర. దాన్లోంచి వైర్లు, వాటి చివరి లగ్గులు తినేది తీసేస్తే, రోబోకి మెదడులాంటి బోర్డు దాకా వెళ్లేసరికి 7 కన్నా తక్కువే ఉంటుంది. ఆర్డినో ఊనో లాంటి బోర్డుకి బయటి నుంచి ఇచ్చే సప్లై కనీసం 7 వోల్టులు ఉండాలంటారు. అంతకన్నా పడిపోతే లోపలి 5 వోల్టులు నిలవవు, బోర్డు రీసెట్ అవుతుంది. రీసెట్ అవగానే మోటార్లు ఆగుతాయి, బరువు తగ్గుతుంది, వోల్టేజి లేస్తుంది, బోర్డు మళ్లీ మొదలవుతుంది, బ్లూటూత్ కలుస్తుంది. మీరు రింగులో చూసింది ఇదే.

నిరుడు విజయనగరంలో ఒక కాలేజీలో పోటీ జరిగితే చూడ్డానికి వెళ్లాను. ఆమదాలవలస వైపు నుంచి నలుగురు ఆడపిల్లల జట్టు వచ్చింది. మొదటి రౌండు చక్కగా ఆడారు. రెండో రౌండులో వాళ్ల రోబో మీరు రాసినట్టే ఆగిపోయింది. మూడో రౌండుకి ఉన్న నలభై నిమిషాల్లో డ్రైవర్ బోర్డు మార్చారు, ప్రోగ్రాం తిరిగి ఎక్కించారు, వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించారు. నేను దగ్గరికెళ్లి బ్యాటరీ సంగతి అడిగితే, "12.6 ఉంది మాస్టారూ, దాని తప్పేం లేదు" అన్నారు. నా సంచిలో ఎప్పుడూ ఒక హెడ్‌లైట్ బల్బు ఉంటుంది. తీసి ఆ బ్యాటరీకి తగిలించాను. ఒక్క క్షణం తెల్లగా వెలిగి, ఎర్రబడిపోయింది. మీటరు 8.9కి దిగింది. ఆ బ్యాటరీ ఎక్కడిదని అడిగితే, ఎక్కడో పాత యూపీఎస్‌లోంచి తీసిందట. మూడు వారాలు రాత్రుళ్లు కూర్చుని చేసిన బండి అది. మీటరు వైపు చూస్తూ ఆ జట్టులో ఒక అమ్మాయి మాట్లాడకుండా ఉండిపోయిన తీరు నాకింకా కళ్ల ముందే ఉంది. ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, ఛార్జరు తీసేసి, ఒక రాత్రి వదిలేయండి. ఛార్జరు తీసిన వెంటనే కొలిస్తే 13 పైన కనిపిస్తుంది, అది పైపై ఛార్జి, నమ్మకూడదు. తెల్లారి చూస్తే బాగున్న సీల్డ్ బ్యాటరీ 12.8 పైన ఉండాలి. పూర్తిగా ఛార్జి చేశాక కూడా 12.5 దాటలేదంటే దాన్ని పోటీ పెట్టెలోంచి అప్పుడే తీసేయండి. 12.2 దగ్గర ఉందంటే సగమే ఉన్నట్టు.

తర్వాత బల్బు. ఆటో స్పేర్స్ షాపులో 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బు అడగండి. అందులో డిమ్ముకీ బ్రైటుకీ వేరువేరు ఫిలమెంట్లు ఉంటాయి. మంచి మందపాటి వైర్లతో, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు, ఒక స్విచ్చు పెట్టి హోల్డరులో బిగించండి. మీటరు ముళ్లు బల్బు దగ్గర కాదు, బ్యాటరీ టెర్మినళ్ల మీదే పెట్టాలి. ముందు డిమ్ము ఒక్కటే వెలిగించి, పది సెకన్లయ్యాక వోల్టేజి రాసుకోండి. అప్పుడు దాదాపు నాలుగున్నర ఆంపియర్లు పోతుంటాయి. వెంటనే రెండూ కలిపి వెలిగించి, ఇంకో పది సెకన్లకు రాసుకోండి. ఇప్పుడు తొమ్మిదిన్నర దాకా పోతాయి. రెండు కొలతల మధ్య కరెంటు తేడా 5 ఆంపియర్లు. వోల్టేజి తేడాని 5తో భాగిస్తే వచ్చేదే మీ బ్యాటరీ నిరోధం. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరు దొరికితే కరెంటు కూడా సరిగ్గా కొలిచి భాగించండి.

నా లెక్క ఇది. తేడా 0.2 వోల్టు లోపల ఉంటే పోటీకి పంపిస్తాను. 0.3 దాకా ఉంటే ప్రాక్టీసుకి. అర వోల్టు దాటితే రోబోలోకి వద్దు, ఎల్ఈడీ బల్బులు వెలిగించుకోడానికి ఉంచుకోండి. రెండు ఫిలమెంట్లూ వెలుగుతున్నప్పుడు 12 పైన నిలబడటం మంచి గుర్తు. 11 కన్నా కిందికి జారుతూనే ఉంటే ఒక సెల్ పోయిందనే అనుకోండి. ఈ బ్యాటరీలో రెండేసి వోల్టుల సెల్లులు ఆరుంటాయి. ఆరింట్లో ఒకటి చెడితే మిగతా అయిదూ ఎంత బాగున్నా దాన్ని ఈడ్చుకుంటూ పోవాల్సిందే. బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోకండి, కాలుతుంది. దానివైపు తేరిపార చూడకండి.

బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో తెలుసుకోడానికి ఇంకో పరీక్ష. బండి వెనక బ్రేకు లైటుకి వాడే 21 వాట్ల బల్బు పెట్టి, గడియారం చూసుకోండి. కొత్త 7 ఏహెచ్ బ్యాటరీ దాన్ని మూడు గంటల దరిదాపు వెలిగిస్తుంది. వోల్టేజి 10.5కి దిగగానే ఆపేసి, ఆ రోజే తిరిగి ఛార్జి పెట్టాలి. రెండు గంటలకే దిగిపోతే దాని బలం మూడోవంతు పోయినట్టే. ఇది ఏడాదికి రెండు మూడుసార్లు చాలు, అడుగంటా వాడిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షు కొంత తరుగుతుంది.

7 ఏహెచ్ అని రాసి ఉంటే గంటపాటు 7 ఆంపియర్లు ఇస్తుందని మీలాంటి వాళ్లు చాలామంది అనుకుంటారు. ఇవ్వదు. ఆ అంకె 20 గంటల లెక్క, అంటే 20 గంటలపాటు 0.35 ఆంపియర్ల చొప్పున. ఒక్కసారిగా ఎక్కువ గుంజితే లోపలి ఆమ్లం ప్లేట్ల లోతుల్లోకి అంత త్వరగా చేరలేదు. 7 ఆంపియర్లు లాగితే అరగంట వస్తే గొప్ప.

అమెరికాలో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ గురించి మీరు వినే ఉంటారు. అక్కడ అంత పెద్ద రోబోలు కూడా 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ మీదే నడుస్తాయి. అది 18 ఏహెచ్‌ది, మెయిన్ బ్రేకరు 120 ఆంపియర్లది. అక్కడ ఏళ్ల తరబడి వాడిన కంట్రోలరు (రోబోని నడిపే బోర్డు) రోబోరియో మొదటి రకం, వోల్టేజి 6.3 దగ్గరికి పడితే ముందు మోటార్లకి కరెంటు ఆపేసి తాను నిలబడేది. మీ చిన్న బోర్డుకి ఆ ఏర్పాటు లేదు కాబట్టి బ్యాటరీ విషయంలో మీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడి జట్లు ప్రతి బ్యాటరీకీ ఒక నంబరు వేసి, ఎప్పుడు కొన్నారు, ఎంత నిరోధం ఉంది, ఏ మ్యాచ్‌లో వాడారు అని రాసిపెట్టుకుంటాయి. మీరూ ఒక నోటుబుక్కు పెట్టండి. మూడు నెలల కొలతలు వరసగా ఉంటే, ఏది ఎప్పుడు చెడబోతోందో ముందే కనిపిస్తుంది. ఆ పేజీ ఫోటో తీసి పంపితే నేను చూసి చెబుతాను.

ఒక్కటి మరిచాను. బ్యాటరీ బాగుందని తేలితే లగ్గులు చూడండి. ఈ బ్యాటరీలకు తోసి పెట్టే రేకు లగ్గులు ఉంటాయి, నాలుగైదుసార్లు తీసి పెడితే వదులైపోతాయి. మోటార్లు తిప్పిన వెంటనే ముట్టుకుంటే వేడిగా తగిలిన లగ్గు చెడ్డది.

ప్రశ్న: తాతగారూ, నేను పదో తరగతి. తెల్లారితే స్కూల్లో రోబో రేసు ఉందని, బేగి ఎక్కుతుందని, మా నాన్న మా 7 ఏహెచ్ బ్యాటరీని తెలిసినవాళ్ల కారు బ్యాటరీ ఛార్జరుకి రాత్రంతా పెట్టించారు. పొద్దున్న చూస్తే పక్కలు ఉబ్బిపోయి ఉంది. రోబో అయితే నడుస్తోంది. వాడుకోవచ్చా?
— ఒక విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: వద్దు తల్లీ. నడుస్తున్నా వద్దు. దాన్ని ఇంకెప్పుడూ ఛార్జి పెట్టకు. నాన్నగారిని ఏమీ అనకు, ఆయన నీ రేసు కోసమే పెట్టించారు.

బ్యాటరీ మీద సన్న అక్షరాల్లో ఒక లేబుల్ ఉంటుంది, చదువు. సైకిల్ యూజ్ అన్నచోట 14.4 నుంచి 15 వోల్టులనీ, స్టాండ్‌బై యూజ్ అన్నచోట 13.5 నుంచి 13.8 అనీ, మొదటి కరెంటు 2.1 ఆంపియర్లు దాటకూడదనీ చాలా 7 ఏహెచ్ బ్యాటరీల మీద రాసి ఉంటుంది. వాడి, ఎక్కించి, మళ్లీ వాడే రోబోకి సైకిల్ యూజ్ లెక్క. ఎప్పుడూ కరెంటుకి తగిలించి ఉండే యూపీఎస్‌కి స్టాండ్‌బై లెక్క. కారు ఛార్జరు ఇచ్చేది 10 ఆంపియర్లు. దానికి నీ బ్యాటరీ ఎంత చిన్నదో తెలియదు. నిండిపోయాక కూడా కరెంటు పోతూనే ఉంటే, అది లోపలున్న నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. మామూలుగా ఆ వాయువులు లోపలే కలిసి మళ్లీ నీరవుతాయి, అందుకే ఈ బ్యాటరీలో నీళ్లు పోసే పని లేదు. కానీ అంత వేగంగా పుడితే కలవలేవు. లోపల వేడీ ఒత్తిడీ పెరిగి ప్లాస్టిక్ డబ్బా మెత్తబడి ఉబ్బుతుంది, వాల్వు తెరుచుకుని వాయువు బయటికి పోతుంది. అలా పోయిన నీళ్లు తిరిగి పోయలేం.

ఈసారి కొనేటప్పుడు 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్‌కి సరిపడే, ఒకటి నుంచి రెండు ఆంపియర్ల ఆటోమేటిక్ ఛార్జరు తీసుకోండి. ఇది మొదట కరెంటుని పట్టి ఉంచుతుంది, వోల్టేజి 14.4కి చేరాక దాన్ని అక్కడ నిలబెట్టి కరెంటుని తగ్గనిస్తుంది, చివర్లో 13.6 దగ్గరికి దిగి ఊరుకుంటుంది. మొదటి ముప్పాతిక మూడు నాలుగు గంటల్లో ఎక్కిపోతుంది. చివరి పాతిక ఎక్కడానికీ దాదాపు అంత సమయం పడుతుంది. చాలామంది ఆ చివరి పాతిక ఎక్కకుండానే తీసేస్తారు, అదే ప్లేట్లకు చేటు. కరెంటు 0.1 ఆంపియరు దాకా తగ్గితే నిండినట్టు. రేసు రేపనగా రాత్రి తొందరపడి ఎక్కించడం కాదమ్మా, రెండు బ్యాటరీలు ఉంచుకుని ఒకటి వాడుతుంటే ఒకటి ఎక్కుతూ ఉండాలి.

ఇంకో మాట. రేసు అయిన వెంటనే వేడిగా ఉన్న బ్యాటరీని ఛార్జి పెట్టకు, అరగంట నీడలో ఉంచు. మన రోహిణి కార్తె ఎండల్లో గది వేడి 40 డిగ్రీలు ఉందనుకో, అప్పుడు 14.4 కూడా ఎక్కువే. 25 డిగ్రీల మీద పెరిగే ప్రతి డిగ్రీకీ 0.02 నుంచి 0.03 వోల్టు చొప్పున తగ్గించాలి, అంటే 14 దరిదాపు. నీ ఛార్జరులో ఆ సౌకర్యం లేకపోతే ఎండాకాలం తెల్లవారుజామునే ఛార్జి పెట్టు.

ప్రశ్న: మా హైస్కూలు అటల్ టింకరింగ్ ల్యాబులో ఆరు బ్యాటరీలున్నాయి. ఏప్రిల్‌లో బాగానే పనిచేసినవి, వేసవి సెలవుల తర్వాత తీస్తే నాలుగు ఛార్జి ఎక్కడం లేదు. కంపెనీ లోపమా?
— సైన్సు టీచరు, సోంపేట

జవాబు: మాస్టారూ, ఏప్రిల్‌లో చివరి రోబో ఆడాక వాటిని ఛార్జి పెట్టి దాచారా, ఉన్నవి ఉన్నట్టే అలమరాలో పెట్టారా? ఉన్నట్టే పెట్టి ఉంటే కంపెనీ తప్పు కాదు.

మీది సోంపేట కాబట్టి మీకు తిత్లీ తుఫాను గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 11న తీరం దాటింది. ఉద్దానం ఊళ్లలో వారాల తరబడి కరెంటు లేదు. ఇళ్లలో ఇన్వర్టరు బ్యాటరీలు మొదటి రోజు, రెండో రోజే అడుగంటిపోయాయి. అలాగే పడి ఉన్నాయి. దారులు తెరిచాక జనం వాటిని వ్యానుల్లో, ఆటోల్లో మా షాపుకి తెచ్చారు. వారం పది రోజుల్లో తెచ్చినవాటిలో చాలావాటిని నెమ్మదిగా ఛార్జి ఎక్కించి బాగు చేయగలిగాను. డిసెంబరులో తెచ్చినవాటికి ఆమ్లం చిక్కదనం చూసే హైడ్రోమీటరు పెడితే, ఖాళీ బ్యాటరీలో లాగా 1100 దగ్గరే నిలబడేది, రెండు రోజులు ఛార్జింగులో ఉంచినా కదిలేది కాదు. కొబ్బరి తోట మొత్తం పోయిన ఒక పెద్దాయన, "కనీసం ఇదైనా బతుకుతుందా బాబూ" అని అడిగారు. బతకలేదు.

బ్యాటరీ డిశ్చార్జి అయినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేటు చేరుతుంది. అప్పుడే ఛార్జి పెడితే అది కరిగి మళ్లీ సీసంగానూ ఆమ్లంగానూ మారిపోతుంది. వారాలు గడిచేకొద్దీ ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలు కడుతుంది. ఇక ఏ ఛార్జరూ దాన్ని కదపలేదు. మీ నాలుగు బ్యాటరీలకూ అదే జరిగింది. వాడకుండా ఊరికే ఉంచినా నెలకి మూడు శాతం దాకా తనంతట తానే తరుగుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ. తారు రేకు కింద గదిలో పెడితే మరీను.

వచ్చే ఏడు సెలవులిచ్చే ముందు రోజు అన్నిటినీ నిండా ఛార్జి పెట్టి, రోబోలోంచి విప్పేసి, చల్లటి గదిలో ఉంచండి. స్విచ్చు ఆపేశాం కదా అని వైర్లు వదిలేయొద్దు, బోర్డు మీద చిన్న లైటు వెలుగుతున్నా రెండు వారాల్లో ఖాళీ చేసేస్తుంది. మే నెల మధ్యలో ఒక్కసారి ఎవరైనా వచ్చి ఛార్జి పెడితే చాలు. ఇప్పుడున్న నాలుగింటిలో 11 వోల్టుల పైన ఉన్నవాటిని అర ఆంపియరు కరెంటుతో ఒక రోజంతా, దగ్గర మనిషి ఉండగా, ఎక్కించి చూడండి. బల్బు పరీక్షలో నిలబడితే ప్రాక్టీసుకి వాడండి. మిగతావి బ్యాటరీ షాపులో తిరిగి ఇచ్చేయండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని చెత్తలో పడేయకూడదు. అందులోని సీసాన్ని కరిగించి మళ్లీ బ్యాటరీలకే వాడతారు. పిల్లలకి చూపిద్దామని మాత్రం పగలగొట్టొద్దు మాస్టారూ, అందులో సీసం పొడి, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి.

ప్రశ్న: అన్నగారూ, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. రోబో బ్యాటరీని మంచం కింద ఛార్జింగు పెట్టి, తలుపులు వేసుకుని పడుకుంటున్నాడు. పేలుతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. మాన్పించమంటారా?
— ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, రోబో మాన్పించకండి. మంచం కింద పెట్టడం మాన్పించండి. సీల్డ్ బ్యాటరీ మామూలుగా వాయువు వదలదు కానీ ఛార్జరు చెడితే హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోడానికి. అందుకని వరండాలో, ఎండా వానా తగలని చోట, గచ్చు మీద పెట్టించండి. పక్కన దుప్పట్లు, కాగితాలు ఉండకూడదు. అందరూ పడుకున్నాక ఛార్జింగులో ఉండకూడదు.

నిజానికి నాకు వాయువు కన్నా షార్టు భయం ఎక్కువ. ఈ చిన్న బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద స్పానరు అడ్డంగా పడితే వంద ఆంపియర్లకు పైన పారి, ఆ ఇనుము చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. వాడని సమయంలో రెండు టెర్మినళ్లకూ ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంచమనండి. ప్లస్ వైరులో, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. బ్యాటరీని వైర్లు పట్టుకుని ఎత్తకూడదు. డబ్బా చిట్లి ఆమ్లం కారితే నేల మీద వంట సోడా చల్లి కడగండి. కంట్లో పడితే మాత్రం పావుగంట ఆగకుండా నీళ్లతో కడుగుతూ, ఆ తర్వాత నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

పైన రాసిన హెడ్‌లైట్ బల్బు పరీక్ష ఒకసారి మీ ముందు చేసి చూపించమనండి. బంగారు గాజులు పైకి తోసుకుని పక్కన కూర్చుని మీరు అంకెలు రాయండి, వైర్లు వాడే పట్టుకుంటాడు.